కుకమ్: ఒక వీధి, ఒక నది, ఒక మనిషి

(ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో తెలుగు కుటుంబాల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక పిల్లలు ఆడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

వచ్చే ఆదివారం మనందరం కుకమ్ వెళ్తున్నాం కదా. వెళ్ళేముందు ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగు మాటలతో నా మనసు ఊరుకునేలా లేదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాల్లో ఊరంతా తిరిగేశాను. పెద్ద వీధి ఒకటి, దాని చివర చర్చి, చర్చి వెనక థేమ్స్ నది, నది మీద ఇనుప వంతెన. ఇంకేముంది ఇక్కడ అనుకుని, వచ్చిన రైల్లోనే వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. ఆ ఇరవై నిమిషాల్లో నేను చూడకుండా వదిలేసినవేమిటో ఇప్పుడు తెలుసు. మీరు వాటిని వదిలేయకూడదనే నా ఆశ.

ముందు దారి చెప్తాను. ఇక్కడి నుంచి మెయిడెన్‌హెడ్ దాకా మామూలు రైలు. అక్కడ మార్లో వెళ్ళే చిన్న రైలు ఎక్కాలి. రెండో స్టేషనే కుకమ్. ఈ లైను 1854లో వేశారు. స్టేషన్ దగ్గర దిగగానే ఊరు కనిపించదు. అక్కడున్నవి తర్వాత కట్టిన ఇళ్ళు. అసలు ఊరికి ఒక పావుగంట నడవాలి. మధ్యలో పెద్ద పచ్చిక బయలు వస్తుంది. దాన్ని కుకమ్ మూర్ అంటారు. ఊరందరి పశువులూ మేసే ఉమ్మడి భూమి. 1934లో ఆ చుట్టుపక్కల జనం ఈ ఉమ్మడి భూముల హక్కులు కొని, పాత కట్టడాల్నీ పచ్చటి నేలల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశారు. అప్పుడు ఆ పని చేయకపోతే ఈపాటికి అక్కడ ఇళ్ళ వరసలు లేచి ఉండేవి.

ఆ మూర్ పక్కనే నేల కంటే ఎత్తుగా కట్టిన ఒక కాలిబాట ఉంటుంది. పచ్చగడ్డి మీద నడవక ఇంత ఎత్తున దారి ఎందుకు కట్టారా అనిపిస్తుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నేను తీసుకెళ్ళాను. అమ్మది కృష్ణ ఒడ్డు ఊరు. ఆ బాట చూడగానే ఒక్క క్షణం ఆగి, "ఇక్కడిదాకా నీళ్ళొస్తాయన్నమాట" అంది. నేను ఎన్నోసార్లు ఆ బాట మీద నడిచాను, ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదు. ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళ కన్ను వేరు. 2014 ఫిబ్రవరిలో థేమ్స్ పొంగినప్పుడు ఆ మూర్ నీళ్ళతో చెరువులా అయింది. ఊళ్ళోకి రాకపోకలు సాగినది ఈ ఎత్తు బాట మీదే.

ఇక పెద్ద వీధి. ఎర్ర ఇటుక ఇళ్ళు, చెక్క దూలాలు బయటికి కనిపించే పాత ఇళ్ళు, ఒక అన్నసత్రం లాంటి పాత హోటలు. ఆ హోటలు 1417 నాటిదని చెప్పుకుంటారు. దాని గురించి ఎక్కువ చెప్పను, లోపల టీ తాగుతూ మీరే చూస్తారు. నేను ఆపాలనుకునేది వీధి చివర మలుపులో ఉన్న ఒక రాయి దగ్గర.

దాని పేరు టారీస్టోన్. చూడ్డానికి ఏమీ ఉండదు. చెక్కని, నున్నగా చేయని ఒక బండరాయి. దాని కింద రాసి ఉన్న మాటల సారాంశం ఏమిటంటే, 1507కి ముందు ఈ రాయి దగ్గర ఊరి ఆటల పోటీలు జరిగేవి, రాయి కొన్నాళ్ళు వేరే చోటికి వెళ్ళింది, 1909లో పారిష్ కౌన్సిల్ దాన్ని మళ్ళీ తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. మా అమ్మ ఆ రాయి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది వీళ్ళ బొడ్రాయా?" అని అడిగింది. కాదమ్మా, దీనికి పూజలేం చేయరు అన్నాను. "పూజ చేయకపోతేనేం, పోయిన రాయిని వెతికి తెచ్చుకున్నారుగా" అంది. అమ్మ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటికి 400 ఏళ్ళ కిందట ఆటల పోటీలు జరిగిన రాయి కోసం ఒక ఊరి కౌన్సిల్ కూర్చుని తీర్మానం చేసిందంటే, ఆ రాయి వాళ్ళకి ఏదో ఒకటి అయ్యే ఉంటుంది.

రాయి దాటి నాలుగడుగులు వేస్తే నది వాసన తగులుతుంది. కానీ నది దగ్గరికి నేరుగా వెళ్ళొద్దు. ముందు ఒక మనిషి గురించి వినాలి. ఆయన్ని తెలుసుకోకుండా చూస్తే నాకు మొదటిసారి కనిపించినంతే కనిపిస్తుంది ఆ ఊరు.

ఆయన పేరు స్టాన్లీ స్పెన్సర్. చిత్రకారుడు. 1891 జూన్ 30న ఆ పెద్ద వీధిలోనే ఫెర్న్‌లీ అనే ఇంట్లో పుట్టాడు. ఆ ఇల్లు కట్టినది వాళ్ళ తాత. తండ్రి చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు, పియానో పాఠాలు చెప్పేవాడు. ఇంటినిండా పిల్లలు. స్టాన్లీ పెద్ద బడికి పోలేదు. ఇంటి పక్క పాకలో అక్కలు నడిపిన బళ్ళోనే చదివాడు. తర్వాత లండన్‌లో స్లేడ్ అనే పేరున్న చిత్రకళా పాఠశాలలో సీటు వచ్చింది. లండన్‌లోనే గది తీసుకుని ఉండొచ్చు కదా? ఉండలేదు. రోజూ పొద్దున రైలెక్కి వెళ్ళడం, సాయంత్రం టీ వేళకి కుకమ్ వచ్చేయడం. ఎప్పుడు చూసినా ఊరి గురించే మాట్లాడుతుంటే తోటి విద్యార్థులు ఆయనకి పేరే మార్చేశారు. "కుకమ్" అని పిలిచేవాళ్ళు. మన దగ్గర మనిషికి ఊరిపేరు ఇంటిపేరవుతుంది. ఆయనకి ఊరిపేరే పేరైంది.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో ఆయన ఒక బొమ్మ గీస్తున్నాడు. కుకమ్ వంతెన పక్కన పడవల రేవులో హంసల్ని పట్టి తెచ్చే దృశ్యం. ఆ హంసల సంగతి కాసేపట్లో చెప్తాను. బొమ్మ పై భాగం అయింది, కింది భాగం కాలేదు. సైన్యంలో చేరాల్సి వచ్చింది. ముందు బ్రిస్టల్‌లో ఆసుపత్రి సేవకుడిగా, తర్వాత మాసిడోనియా యుద్ధరంగంలో. మూడేళ్ళకు పైగా ఊరికి దూరం. 1918లో ఆయన అన్నదమ్ముల్లో ఒకరు యుద్ధంలో చనిపోయారు. తిరిగొచ్చేసరికి ఆ సగం బొమ్మ ఇంట్లో అలాగే ఉంది. 1919లో కూర్చుని పూర్తి చేశాడు. ఇప్పుడు అది లండన్‌లోని టేట్ గ్యాలరీ వాళ్ళ దగ్గర ఉంది. ఫోన్‌లో వెతికి ఒకసారి చూడండి. పైన వంతెన, నీళ్ళ మీద వెలుగు. కింద మనుషులు, పడవల్లో పెట్టే మెత్తలు మోస్తున్న ఆడవాళ్ళు, కదలకుండా సంచుల్లో కట్టేసిన హంసలు. పై సగానికీ కింది సగానికీ మధ్య ఒక యుద్ధం ఉందని తెలిశాక ఆ బొమ్మను మునుపటిలా చూడలేం. నేనైతే చూడలేకపోయాను.

ఇప్పుడు చర్చి ఆవరణలోకి రండి. హోలీ ట్రినిటీ చర్చి. దీని పాత గోడలు 12వ శతాబ్దం నాటివి. గోపురం మీద గడియారం ఉంది, నీడ గడియారం కూడా ఉంది. ఎండ వచ్చిన రోజు రెండూ సరిపోల్చుకోవచ్చు. పిల్లలకి అది చూపించండి, బాగా నచ్చుతుంది. చుట్టూ పచ్చగడ్డిలో వాలిపోయిన పాత సమాధి రాళ్ళు. మామూలుగా అయితే మనం శ్మశానంలోకి పిల్లల్ని తీసుకెళ్ళం. అది మన పద్ధతి, నాకూ మొదట కాళ్ళు వెనక్కి లాగాయి. కానీ ఈ ఆవరణలో కూర్చోకుండా కుకమ్ చూశామని చెప్పలేం.

ఎందుకంటే స్పెన్సర్ గీసిన బొమ్మల్లో అన్నిటికన్నా పెద్ద పేరు తెచ్చినది ఈ ఆవరణే. 1924లో మొదలుపెట్టి 1927లో ముగించాడు. పేరు "కుకమ్‌లో పునరుత్థానం". క్రైస్తవుల నమ్మకం ప్రకారం లోకాంతంలో చనిపోయినవాళ్ళందరూ సమాధుల్లోంచి లేస్తారు. ఎక్కడో ఆకాశంలో, పిడుగుల మధ్య, బూరల మోతలో జరిగే ఘట్టంగా ఎంతోమంది దాన్ని గీశారు. స్పెన్సర్ బొమ్మలో అది ఈ చర్చి పెరట్లో జరుగుతుంది, ఒక మామూలు వేసవి రోజున. దాదాపు అయిదున్నర మీటర్ల వెడల్పు గుడ్డ. అందులో మనుషులు నిద్ర లేచినట్టు నెమ్మదిగా సమాధుల్లోంచి పైకొస్తున్నారు. ఒకరు పువ్వు వాసన చూస్తున్నారు. ఒకరు ఇంకా బద్ధకంగా రాతికి ఆనుకుని ఉన్నారు. ఎండకి బీటలువారిన నేల చీల్చుకుని ఆఫ్రికా మనుషులు లేస్తున్నారు. గులాబీలు పూసిన చర్చి వాకిట్లో క్రీస్తు చిన్నపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ పక్క పైన, దూరంగా థేమ్స్ నది. అందులో జనాన్ని ఎక్కించుకుని షికారు పడవ ఒకటి పోతోంది. స్వర్గానికి పోయే పడవ అది. కుకమ్ రేవులో ఆదివారం సాయంత్రం జనం ఎక్కే పడవే.

లేచినవాళ్ళలో స్పెన్సర్ తనను తాను గీసుకున్నాడు, ఒంటి మీద బట్టల్లేకుండా, ఒక రాతికి వాలి. ఆయన భార్య హిల్డా ఆ బొమ్మలో ఒకటికంటే ఎక్కువసార్లు కనిపిస్తుంది. 1925లో వాళ్ళ పెళ్ళయింది, అంటే బొమ్మ గీస్తున్న మధ్యలో.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది వేరే సంగతి. ఆ బొమ్మ ఆయన కుకమ్‌లో గీయలేదు. లండన్‌లో హాంప్‌స్టెడ్ అనే చోట ఒక గదిలో మూడేళ్ళపాటు గీశాడు. కళ్ళు మూసుకుంటే ఆ పెరడు కనబడేది కాబోలు. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళకి అది ఎలా ఉంటుందో ఈ గదిలో కూర్చున్న మనకి చెప్పక్కర్లేదు. మన వీధి మలుపులో వేపచెట్టు ఎటు వంగి ఉంటుందో, ఎవరింటి అరుగు ఎంత ఎత్తో ఇక్కడ వంటింట్లో నిలబడి చెప్పగలం.

ఆయన జీవితం ఆ బొమ్మంత ప్రశాంతంగా సాగలేదు. 1937లో హిల్డాతో విడాకులు, వెంటనే ఇంకో పెళ్ళి, అది నిలవలేదు. అప్పులు, చీకాకులు. ఇష్టమైన ఊరే వదిలిపోవాల్సి వచ్చింది. తిరిగి హిల్డా కోసం తపించాడు. ఆమె 1950లో చనిపోయింది. ఆ తర్వాత కూడా ఆమెకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. చేతిలో పెట్టడానికి మనిషి లేదని తెలిసీ రాసిన ఉత్తరాలు అవి. తప్పు ఆయనదేనని చెప్పేవాళ్ళు ఉన్నారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఉత్తరాల సంగతి తెలిశాక నాకు ఆయన మీద కోపం నిలవలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన మళ్ళీ కుకమ్ చేరాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆ చివరి రోజుల్లోని రూపంలోనే. పొట్టి మనిషి, కళ్ళజోడు, పాత కోటు. చంటిపిల్లల్ని తిప్పే తోపుడు బండి ఒకటి సంపాదించి, అందులో రంగులు, కుంచెలు, బొమ్మ గీసే చట్రం వేసుకుని వీధుల్లో తోసుకుంటూ పోయేవాడు. చర్చి పెరట్లో గీస్తుంటే దారిన పోయేవాళ్ళు పలకరించడం సహజం కదా. పని సాగదు. అందుకని ఒక అట్ట మీద రాసి పెట్టుకున్నాడు. బొమ్మ పూర్తి చేయాలన్న ఆత్రంతో ఉన్నాను, దయచేసి నా ధ్యాస మళ్ళించకండి అని, చాలా మర్యాదగా. ఆ బండి ఇప్పుడు కుకమ్‌లోనే ఉంది, మీరు చూస్తారు.

1954లో ఆయన చైనా వెళ్ళాడు. అక్కడ ప్రధాని చౌ ఎన్ లైని కలిసినప్పుడు, ఇక్కడ నాకు కొత్తగా ఏమీ లేదు, కుకమ్ ఈ దగ్గర్లోనే ఎక్కడో ఉందనిపిస్తోంది అన్నట్టు మాట్లాడాడట. ఎంత దూరం పోయినా ఆ మనిషి ఊరు పక్క సందులోనే ఉంది. 1959లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. అదే ఏడు డిసెంబర్ 14న, నదికి అవతలి ఒడ్డున కొండ మీదున్న క్లివ్డెన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. చితాభస్మం ఈ చర్చి పెరట్లోనే ఉంచారు. చిన్న రాయి, దారి పక్కనే. దాని మీద ఆయన పేరుతో పాటు హిల్డా పేరు కూడా ఉంది. ఆమెను ఈ ఊరి శ్మశానంలో పూడ్చారని రాసి ఉంది. రెండు పేర్లూ ఒకే రాతి మీదికి వచ్చాయి. ఆదివారం అక్కడ ఒక్క నిమిషం నిలబడదాం.

చర్చి వెనక గేటు తీస్తే నది. ఇప్పుడు హంసల సంగతి.

స్వాన్ అప్పింగ్ అంటారు. ప్రతి ఏడూ జూలై మూడో వారంలో జరుగుతుంది. ఇంగ్లండ్‌లో బయటి నీళ్ళలో తిరిగే, ఎవరి గుర్తూ లేని హంసలు రాజుగారివి. ఇది 12వ శతాబ్దం నుంచీ ఉన్న హక్కు. అప్పట్లో హంస మాంసం పెద్దవాళ్ళ విందుల్లో వడ్డించేవాళ్ళు, అందుకే అంత పట్టింపు. 15వ శతాబ్దంలో లండన్‌లోని రెండు వర్తక సంఘాలకి, ద్రాక్షసారా వ్యాపారులకీ అద్దకంవాళ్ళకీ, థేమ్స్ మీద కొన్ని హంసల్ని సొంతం చేసుకునే హక్కు ఇచ్చారు. మరి నీళ్ళలో తిరిగే హంసల్లో ఎవరివి ఎవరివో తెలియాలి కదా. అందుకని ఏటా ముగ్గురి మనుషులూ పడవలేసుకుని బయల్దేరతారు. రాజుగారి మనుషులది ఎర్ర చొక్కా, అద్దకంవాళ్ళది నీలం, సారా వ్యాపారులది తెలుపు. పిల్లలతో ఉన్న హంస జంట కనిపించగానే "ఆల్ అప్!" అని ఒక కేక. పడవలన్నీ చుట్టుముడతాయి. మెల్లిగా హంసల్ని పైకి తీస్తారు. తల్లిదండ్రులు ఎవరివో చూసి పిల్లలకి ఆ గుర్తే వేస్తారు. పూర్వం ముక్కు మీద కత్తితో గాటు పెట్టేవాళ్ళు. ఇప్పుడు కాలికి ఉంగరం మాత్రమే. రాజుగారి హంసలకు ఎవరివో చెప్పే గుర్తు ఉండదు. ఇప్పుడు అసలు పని వేరు: పిల్లల బరువు తూస్తారు, కొలతలు తీస్తారు, చేపలు పట్టే గాలపు దారాలు గొంతుకో కాళ్ళకో చుట్టుకుని గాయాలయ్యాయేమో చూస్తారు. చూసి మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. సన్‌బరీ నుంచి ఆబింగ్డన్ దాకా అయిదు రోజుల ప్రయాణం. కుకమ్ మధ్యలో వస్తుంది.

మా అమ్మకి ఇదంతా చెప్తే, "నలుడు కూడా పట్టుకుని వదిలేశాడుగా హంసని" అంది. నిజమే. మన కథలో ఆ వదిలేయడంతోనే కథ మొదలవుతుంది. పట్టుకున్న హంస ఏడ్చిన ఏడుపు, నా తల్లి ముసలిది, నా పిల్లలు చిన్నవాళ్ళు అని, ఆ పద్యాలు బళ్ళో చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. జూలైలో వీలైతే మళ్ళీ వద్దాం. పడవలోకి తీసిన హంసపిల్ల బూడిదరంగులో, ఉన్ని బంతిలా ఉంటుంది. తల్లి హంస దాని కోసం మెడ చాచి కసురుతుంటుంది.

వంతెన గురించి చెప్పి ముగిస్తాను. మొదట 1840లో కట్టినది చెక్క వంతెన. అది పాడైతే 1867లో ఈ ఇనుప వంతెన కట్టారు. చాలా తక్కువ ఖర్చులో కట్టారు. లేతనీలం రంగు కమ్మీలు, చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. దీని మీద 1947 దాకా సుంకం వసూలు చేశారు. సుంకం వసూలు చేసినతను ఉన్న ఇల్లు ఇప్పటికీ వంతెన పక్కనే ఉంది. స్పెన్సర్ చిన్నప్పుడు వంతెన దాటాలంటే పైసలు ఉండాలన్నమాట. వంతెన మధ్య దాకా నడిచి ఆగండి. కాలి కింద నీళ్ళు, ఎడమ చేతి వైపు చర్చి గోపురం, పడవల రేవు. యుద్ధానికి ముందు సగం, తర్వాత సగం గీసిన ఆ బొమ్మలో ఉన్న చోటు అదే. అటు దాటితే బకింగ్‌హమ్‌షైర్, ఇటు బెర్క్‌షైర్. దిగువన నది పాయలుగా చీలుతుంది. 1830లో తవ్విన కాలువ, లాకు అటువైపే ఉన్నాయి. ఆ పాయల మధ్య సాషెస్ అనే లంక ఉంది. ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో వైకింగుల్ని ఆపడానికి కట్టిన కోటల పట్టీలో దాని పేరు ఉంది. ఇప్పుడు గడ్డీ చెట్లే.

ఆఖరున, తిరిగి వచ్చేటప్పుడు పెద్ద వీధి మూల మీద స్పెన్సర్ గ్యాలరీకి వెళ్తాం. అది మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్ళ పాత ప్రార్థన మందిరం. చిన్నప్పుడు ఆయన తల్లి వెంట వెళ్ళి కూర్చున్న గది. 1962లో దాన్ని ఆయన బొమ్మలకి ఇల్లు చేశారు. ఊరివాళ్ళే స్వచ్ఛందంగా వంతులేసుకుని నడుపుతున్నారు. ఆ తోపుడు బండి అక్కడే ఉంది, ఆ అట్ట కూడా.

అక్కడ ఒక పెద్ద బొమ్మ ముందు మీరు ఆగాలి. కుకమ్ పడవ పందేల రోజున క్రీస్తు వచ్చి జనానికి బోధిస్తున్నట్టు. చనిపోయే దాకా దాని మీదే పని చేశాడు, పూర్తి కాలేదు. కొన్ని చోట్ల రంగులు నిండుగా ఉన్నాయి. మిగతా చోట్ల తెల్లటి గుడ్డ మీద పెన్సిల్ గీతలే. గీతల్లో మనుషులు ఉన్నారు, పడవలు ఉన్నాయి, ముఖాలు ఉన్నాయి, రంగు రాలేదంతే. మా అమ్మ ఆ గీతల దగ్గరికంటా వెళ్ళి, కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్కొక్కరినీ చూస్తూ చాలాసేపు నిలబడింది. "వీళ్ళంతా ఆ ఊరివాళ్ళేనా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి స్టేషన్ దగ్గర కలుద్దాం. నది ఒడ్డు బాట తడిగా ఉంటుంది, పిల్లలకి బూట్లు వేయండి. పులిహోర నేను తెస్తున్నాను.